పందెమునకు ముందటి రాత్రి

(ధ్యానమునకు: మత్తయి 5:23-26, 1 సమూయేలు 17:38-40)



ఈ నెల ధ్యానమును ఒక మోటారు సైకిలుతో ఆరంభించుచున్నందుకు మమ్మును క్షమించుడి. పల్లెలలో పరిచర్య చేయు పాస్టరుకు బైబిలు తరువాత ఎక్కువగా చేత పట్టుకొను వస్తువు మోటారు సైకిలు హ్యాండిలే. మూడు సంఘముల మధ్య మట్టిదారిన ఒక పాత యెజ్డీ మీద అనేక సంవత్సరములు తిరిగిన వారము గనుక, ఆ యంత్రముల మొండితనమును మేము కొంత ఎరుగుదుము. ఆ బండిని మాకు కొనిపెట్టి, అది ఆగినప్పుడెల్ల బాగుచేసి పంపినవారు మా అక్కగారి భర్త. ఆయన బస్టాండు ప్రక్కన రేకుల షెడ్డులో నలువది యేండ్లుగా మెకానిక్కు పని చేసినవారు. ఈ వ్రాత కొంత ఆయనను గూర్చినది, కొంత ఆయన కుమారుని గూర్చినది, మరి కొంత మా సోమరితనమును గూర్చినది.

2023 జూన్ మాసమున ఆ మేనల్లుని పిలుపు మీద మేము అమెరికా దేశమునకు వెళ్ళి, ఒహాయో రాష్ట్రములో ఆరు వారములు అతని యింట నుంటిమి. వెళ్ళు దినమున మా బావగారు రైలు స్టేషనువరకు వచ్చి, బండి కదలుచుండగా కిటికీ దగ్గర నిలిచి, "వాడితో ఒకసారి మాట్లాడు తమ్ముడూ" అనిరి. అంతకుమించి ఒక్క మాటయు ఆయన అనలేదు. తండ్రి కుమారుల మధ్య ఆరు సంవత్సరములుగా మాటలు లేవు. ఆ తగవు ఏమిటో ఇక్కడ వ్రాయుట న్యాయము కాదు. ఇద్దరియందును కొంత న్యాయమున్నది, అందుచేతనే అది అంతకాలము నిలిచినది. ఒక్కనిదే తప్పైన తగవు సాధారణముగా త్వరగా తీరును.

మేము "మాట్లాడెదను" అని చెప్పి వెళ్ళితిమి. మొదటి వారము ప్రయాణపు అలసట అనుకొంటిమి. రెండవ వారము అబ్బాయికి పని ఒత్తిడి అనుకొంటిమి. మూడవ వారము అక్కడి తెలుగు కుటుంబముల కూడికలో ప్రసంగము సిద్ధపరచుకొనవలసి యుండెను. ఈలాగున అయిదు వారములు గడచినవి. సమాధానమును గూర్చి ఆ కూడికలో రెండు ప్రసంగములు చేసితిమి గాని, అదే యింటిలో మా యెదుట భోజనమునకు కూర్చుండువానితో ఒక్క మాట చెప్పలేకపోతిమి.

ఇప్పుడు ఆ బండి సంగతి. ఆ దేశములో పాత మోటారు సైకిళ్ళతో మట్టి మైదానములలో పందెములు పెట్టుకొను ఒక వేడుక కలదు. అదే రాష్ట్రములో లెక్సింగ్టన్ అను ఊరి సమీపమున మిడ్-ఒహాయో అను పందెపు బాట మీద జూలై నెలలో జరుగు పాత బండ్ల కూటమునకు దేశము నలుమూలలనుండి జనులు వత్తురట. చిన్న పందెములైతే మొక్కజొన్న చేల మధ్య ఎవరో ఒక రైతు పొలములోనే జరుగును. గుట్టలు, గుంటలు, బురద, వంకర దారులు. వాటిమీద బండ్లు ఎగిరి పడుచు పోవలెను. కొత్తవి కొనలేక పాతవి నడుపుదురని అనుకొనవద్దు. పాతదానిని పాతదానిగానే నిలబెట్టి పరుగెత్తించుటయే వారి సంతోషము. ఈ పందెములలోని పాత తరగతులకు 1974 వరకు తయారైన నమూనాలు మాత్రమే తగును. ముందు చక్రము 7 అంగుళములకంటెను, వెనుక చక్రము 4 అంగుళములకంటెను ఎక్కువగా పైకి క్రిందికి ఆడరాదని కూడ నియమమున్నది. తరువాతి కాలపు పొడవైన స్ప్రింగులు వేసికొని పాత బండి అని చెప్పుకొనుటకు వీలులేదు.

మా మేనల్లుని బండి 1972 నాటి సీజెడ్ 250. చెకోస్లొవేకియా దేశములో స్ట్రకొనీత్సె అను పట్టణమున పుట్టినది. 1964లో బెల్జియం దేశస్థుడైన జొయెల్ రొబేర్ 250 తరగతిలో ప్రపంచ విజేతయైనది ఈ కంపెనీ బండి మీదనే. 1929లో ఆరంభమైన జావా కంపెనీ కూడ ఆ దేశమునదే. మన దేశములో మైసూరు నగరమున 1961 మొదలు జావా బండ్లు, 1973 మొదలు అవే యెజ్డీ అను పేరుతోను, 1996లో కార్ఖానా మూతపడువరకు తయారైనవి. కాబట్టి గ్యారేజిలో గుడ్డ తొలగించి అబ్బాయి ఆ బండిని చూపినప్పుడు, పరదేశములో మన ఊరివారి పెదతండ్రి బిడ్డను చూచినట్లాయెను. రెండు స్ట్రోకుల ఇంజను, పాయింట్ల ఇగ్నిషను, అదే నీలిపొగ వాసన. "ఇంతకాలము తరువాత ఈ జాతి బండే ఎందుకు కొన్నావు?" అని మేము అడుగలేదు. అడుగకయే తెలిసినది.

అక్టోబరులో చివరి పందెము ముగించి అతడు ఆ బండికి గుడ్డ కప్పెను. జూన్ దాటువరకు దానిని ముట్టలేదు. చలికాలమంతయు, వసంతకాలమంతయు చేతిలో నుండగా, పందెమునకు పదిదినముల ముందు గుడ్డ తీసెను. ఆ దేశపు పెట్రోలులో పదవ వంతు ఎథనాల్ అను సారాయి కలిపి అమ్ముదురు. అది గాలిలోని తేమను పీల్చును, నిలువయున్నచో కార్బురేటరులో జిగురువలె గడ్డకట్టును. సన్నని జెట్టు రంధ్రములన్నియు పూడిపోయెను. పెట్రోలు గొట్టము మెత్తబడి ఉబ్బెను. యాక్సిలేటరు తీగె పోగులు విడిపోవుచుండెను. శుక్రవారము రాత్రి పది గంటలకు గ్యారేజి నేలమీద ఇంజను సామానంతయు పరచుకొని కూర్చున్న అతనిని చూచి మాకు నవ్వు వచ్చెను. వెంటనే సిగ్గును వచ్చెను. ఏలయనగా శనివారము రాత్రి లాంతరు వెలుతురున, తరువాత కరెంటు దీపము క్రింద, ఆదివారపు ప్రసంగమునకు సామాను పరచుకొని కూర్చున్న పాస్టరు ఎవరో మా సంఘస్థులు ఎరుగుదురు.

అతడు కార్బురేటరు కడిగి బిగించెను. కొత్త ప్లగ్గు వేసెను. కొత్త తీగె వేసెను. పెట్రోలులో నూనె కొలిచి కలిపెను. ఈ బండ్లకు నూనె వేరుగా పోయరు, పెట్రోలులోనే కలుపవలెను. 20 వంతులకు 1 వంతు అని ఆ కాలపు లెక్క. నూనె మరచి బయలుదేరినవాని ఇంజను కొద్ది దూరములోనే బిగిసి నిలిచిపోవును. పదిమంది కన్యకల ఉపమానమును సెమినారీలో చదివి పరీక్ష వ్రాసితిమి గాని, దివిటీ ఉండియు నూనె లేకుండుట ఎట్టిదో ఒక బిగిసిన పిస్టనును చూచినప్పుడే మాకు బాగుగా బోధపడినది.

పదకొండున్నరకు బండి స్టార్టాయెను. ఇరుగు పొరుగువారు నిద్రించుచున్నారని రెండు నిమిషములకే ఆపివేసెను. "బాగుంది మామయ్యా" అనెను. ఒకేసారి మూడు వస్తువులు మార్చుట, ఒక్కదానినైనను నడిపి చూడకుండుట — మా బావగారి షెడ్డులో పనిపిల్లవాడు ఈ రెండు పనులు చేసియుంటే ఏమి జరిగియుండునో మేము ఊహించితిమి గాని పైకి అనలేదు.

ఉదయమున పొలము దగ్గర బండ్లన్నిటిని వరుసగా నిలిపి పరీక్షించు పెద్దమనిషి యొకడుండెను. చక్రపు పుల్లలు వ్రేలితో తట్టి చూచును, బ్రేకులు నొక్కును, ఇంజను ఆపు మీటను చూచును. యాక్సిలేటరు పూర్తిగా త్రిప్పి విడుచును; అది దానంతట అదే తిరిగి మూసికొనవలెను. అబ్బాయి బండి హ్యాండిలును ఎడమకు తిప్పి విడిచినప్పుడు అది సగములో నిలిచిపోయెను. కొత్త తీగె ట్యాంకు క్రింద ఇరుకుగా పోయి, హ్యాండిలు తిరిగినప్పుడు బిగిసిపోవుచున్నది. ఆయన ఏమియు కోపపడలేదు. చీటీ ఇయ్యక, "సరిచేసి తీసికొని రా" అని ప్రక్కకు చూపెను.

సౌలు తన కవచమును దావీదునకు తొడిగించినప్పుడు, దావీదు రెండడుగులు వేసి చూచి, ఇవి నాకు వాడుక లేదని తీసివేసిన సంగతి మీకు తెలియును. ఆ వచనములో మేము సాధారణముగా దావీదు విశ్వాసమును గూర్చి చెప్పుదుము. ఆ దినమున మాకు అతని జాగ్రత్త కనబడెను. కవచము చెడ్డది కాదు, రాజుగారిది, అతని దానికంటె ఖరీదైనది. అయితే యుద్ధపు ఉదయమున మొదటిసారి తొడుగుకొనుటకు తగినది కాదు. ఇంకొక సంగతి. ఆ పరీక్షకుని మీద అబ్బాయికి కొంచెము చిరాకు కలిగెను. మాకైతే ఆ మనిషి దేవదూతవలె కనబడెను. గుట్ట దిగునప్పుడు మలుపులో ఆ తీగె బిగిసియుంటే ఏమగునో ఆలోచించుడి. ఉదయము ఎనిమిది గంటలకు మనలను వెనుకకు పంపువానిని ద్వేషింతుము గాని, సరిచేసికొనుటకు సమయముండగా పంపినవాడు శత్రువు కాడు.

తీగె మార్గము సరిచేసి, చీటీ పుచ్చుకొని, అభ్యాసమునకు వెళ్ళెను. మూడు చుట్లు బాగుగా తిరిగి నాలుగవదానిలో బండి ఆగెను. త్రోసికొని వచ్చెను. పావుగంట చల్లారిన తరువాత ఒక్క తన్నుకే లేచెను. మరల వేడెక్కగానే ఆగెను. రాత్రి కార్బురేటరు విప్పితిని గనుక తప్పు దానిలోనే యుండవలెనని అతడు మరల దానినే విప్పెను. ఏమియు లేదు. ప్లగ్గు మార్చెను. ఏమియు లేదు. పన్నెండు దాటెను. ఒంటిగంటన్నరకు అతని తరగతి పందెము. ఆ కార్ఖానా మోటారు సైకిళ్ళు చేయుట మానివేసి చాలాకాలమైనది. సామాను కావలెనంటే దూరప్రాంతపు వ్యాపారులకు వ్రాసి తపాలాలో తెప్పించుకొనవలెను. ఇశ్రాయేలు దేశములో కమ్మరి లేక, నాగటి కర్రు పదును పెట్టించుకొనుటకైనను ఫిలిష్తీయుల యొద్దకు పోయిన దినములవలె నుండెను.

గుడారపు నీడలో మా మేనల్లుని భార్య పులిహోర డబ్బా తెరిచెను గాని ఎవరును తినలేదు. అప్పుడు మా నోటనుండి ఆ మాట వచ్చెను. ఇది ప్రార్థించి, సమయము చూచి, సిద్ధపరచుకొని చెప్పిన మాట కాదు. "మీ నాన్న అయితే శబ్దం విని చెప్పేవాడురా" అంటిమి.

అతడు చాలసేపు నేలవైపు చూచెను. తరువాత, "ఇప్పుడు అక్కడ టైమెంత?" అని అడిగెను. "పది అయి ఉంటుంది. పడుకోబోతూ ఉంటారు" అంటిమి.

అతడు తన తల్లికి ఫోను చేసెను. మా అక్క రెండు మాటలు విని, ఏమియు అడుగక, ఫోను తీసికొనిపోయి భర్త చేతిలో పెట్టినదట. మేము ప్రక్కనే యుంటిమి గనుక వినబడిన దానిని వ్రాయుచున్నాము.

"నాన్నా."

అటునుండి కొంతసేపు ఏమియు లేదు. తరువాత, "ఏంటి ఆ మోత?" అనిరి.

"బండ్లు, నాన్నా. నాదీ ఒకటుంది. సీజెడ్, జావా లాంటిదే. వేడెక్కితే ఆగిపోతోంది. చల్లారితే లేస్తోంది."

"ప్లగ్గు?"

"కొత్తదే. కార్బురేటరు రెండుసార్లు కడిగాను."

"కార్బురేటరు జోలికి ఎందుకు పోయావు? పాయింట్లు చూడు. మాడినాయా?"

మూత తీసి దీపము వేసి చూచెను. పాయింట్లు నీలివర్ణముగా మాడి, ఒకవైపు గుంటపడి యుండెను.

"మాడినాయి నాన్నా."

"కండెన్సరు పోయింది. పాతది పీకెయ్యి. పాయింట్లు గీకి గ్యాపు సరిచూడు. అలాంటిదే దొరక్కపోతే ఏ కారు కండెన్సరైనా సరే, బయట కట్టి వైరు లాగు. ఎర్తు గట్టిగా ఉండాలి."

అంతే. ఫోను పెట్టివేసిరి. ఆరు సంవత్సరముల తరువాత మాటలాడుకొనిన తండ్రి కుమారులు ఒకరి క్షేమమును ఒకరు అడుగలేదు. మీలో కొందరు దీనిని చదివి నిరుత్సాహపడుదురేమో. మేమైతే ఆ గుడారము వెనుకకు పోయి కన్నులు తుడుచుకొంటిమి.

కండెన్సరు అనగా బొటనవ్రేలంత చిన్న డబ్బీ. పాయింట్లు విడిపోవు క్షణమున పొంగు విద్యుత్తును అది తనలోనికి తీసికొనును. అది లేకపోయిన యెడల ఆ నిప్పురవ్వ ప్లగ్గు దగ్గరకు బలముగా పోక పాయింట్ల మధ్యనే రగిలి వాటిని కాల్చివేయును. పాడైన కండెన్సరు చల్లగా నున్నంతసేపు పని చేయును. వేడి తగిలినప్పుడే దాని సంగతి బయటపడును. మన కుటుంబములలోని సమాధానము కూడ అనేకసార్లు ఇట్టిదే గదా. పండుగ దినమున, పెండ్లి విందులో, నీడపట్టున అందరమును బాగుగానే నడుతుము.

ప్రక్క గుడారములో నెరసిన తలగల ఒక పెద్దాయన యుండెను. ఆయనయు అదే తరగతిలో పోటీచేయువాడే. మా అవస్థ చూచి ఒక రేకుడబ్బా తెచ్చి, దానిలో వెదకి, ఏదో కారు కండెన్సరు ఒకటి తీసి ఇచ్చెను. ధర అడిగినప్పుడు తల అడ్డముగా ఊపి వెళ్ళిపోయెను. దానిని ట్యాంకు క్రింద బిగించి, వైరు లాగి, పాయింట్లు గీకి, సందు సుమారు 0.4 మిల్లీమీటరు చేసి, మూత బిగించుసరికి ఒంటిగంట దాటెను.

బుద్ధిగల కన్యకలు తమ నూనెలో కొంత ఎందుకు పంచియ్యలేదని ఆదివారపు బడిలో పిల్లలు అడుగుదురు. మాకు సరియైన జవాబు ఎన్నడును తోచలేదు. ఆ మధ్యాహ్నము కొంత తోచినది. కండెన్సరు పొరుగువాడు ఇయ్యగలడు. ఆ ఫోను మాత్రము అతనికి బదులు ఎవరును చేయలేరు. అయిదు వారములు మేము మధ్యవర్తిగా ఏమి చెప్పవలెనా అని తలపట్టుకొంటిమి, అది మా పనియే అనుకొని. మా పని అతనికి తండ్రిని జ్ఞాపకము చేయుట మాత్రమే. దానికి ఒక్క వాక్యము చాలియుండెను, మొదటి దినముననే.

బలిపీఠము దగ్గర అర్పణము విడిచి ముందు సహోదరుని యొద్దకు వెళ్ళుమని మన ప్రభువు చెప్పిన మాటను, ప్రతివాదితో దారిలో ఉండగానే త్వరపడి సమాధానపడుమని చెప్పిన మాటను మేము అనేకసార్లు బోధించితిమి. ఆ బోధలో "త్వర" అను దానిని ఎప్పుడును గట్టిగా పలుకలేదు. ఎందుకో చెప్పెదము. మా మొదటి సంఘములో ఒక పెద్ద యుండెను. కానుకల లెక్క విషయమై ఆయనను కమిటీ యెదుట మేము కఠినముగా మాటలాడితిమి. తరువాత లెక్క చూడగా పొరపాటు మాదే. వెళ్ళి చెప్పవలెనని అనుకొంటిమి. కోతలైన తరువాత అనుకొంటిమి. కోతలైనవి, క్రిస్మసు వచ్చెను. క్రిస్మసు అయిన తరువాత అనుకొంటిమి. జనవరి రెండవ వారములో ఆయన సమాధి యొద్ద ప్రార్థన చేసినవారము మేమే. ఆయన భార్య మా చేతికి కాఫీ ఇచ్చి, "అయ్యగారూ, మీరు వస్తారని రెండుసార్లు అడిగారు" అని చెప్పెను. ఆమెకు సంగతి తెలియదు. నేటివరకు ఎవరికిని చెప్పలేదు, ఇక్కడనే వ్రాయుచున్నాము.

సంస్కారపు ఆదివారమునకు ముందటి శనివారము రాత్రి కొందరు మా యింటికి వచ్చి, "అయ్యగారూ, ఫలానావారితో మాట లేదు, రేపు బల్ల యొద్దకు రావచ్చునా?" అని అడుగుదురు. మేము ఇదివరకు ఒక గంట కూర్చుండి వాక్యము వివరించెడివారము. ఇకమీదట, వారి యిల్లు దగ్గరదైతే, బండి తీసి వారిని వెనుక కూర్చుండబెట్టుకొని అక్కడ దింపి వచ్చెదము. మా యెజ్డీ దానికి చాలును.

పందెపు ఫలితము అడుగుదురు గనుక చెప్పుచున్నాము. ఆ తరగతిలో పదునాలుగు బండ్లు. అబ్బాయి మొదటి పందెములో 9వ వాడుగా వచ్చెను, బండి ఆగలేదు. రెండవదానిలో గొలుసు జారి, ఎక్కించుకొని, 13వ వాడుగా వచ్చెను. కండెన్సరు ఇచ్చిన పెద్దాయన రెండింటిలోను అతనికంటె ముందే వచ్చెను. ఒంటినిండ బురదతో అబ్బాయి ఆ పులిహోర అంతయు తానొక్కడే తినెను.

మూడు దినముల తరువాత మా తిరుగు ప్రయాణము. ఆ ఉదయము పెట్టెలు కట్టుచుండగా మా ఫోను మ్రోగెను. బావగారు. మా ప్రయాణము సంగతి రెండు మాటలు అడిగి, ఊరకుండి, తరువాత, "ఆ కండెన్సరు ఎర్తు వదులుగా ఉంటే మళ్ళీ ఆగుతుంది. బిగించాడో లేదో వాణ్ణి అడుగు తమ్ముడూ" అనిరి.

మేము అడుగలేదు. ఫోను తీసికొనిపోయి, గ్యారేజిలో బండి కడుగుచున్న అబ్బాయి తడిచేతిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, పెట్టె కట్టుకొనుటకు లోపలికి వచ్చితిమి.